"కల్పనే కదా, రీసెర్చ్ ఎందుకు?" అనే పోస్టుకు నా జవాబు

నెల రోజులుగా వరంగల్, హనుమకొండ, కరీంనగర్ కథల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే పోస్టు తిరుగుతోంది. నాకే ఏడుగురు పంపారు. సారాంశం ఇది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అంటేనే కల్పన, కాబట్టి వాటికి రీసెర్చ్ అక్కర్లేదు. రీసెర్చ్ ఊహను చంపేస్తుంది. పాఠకుడు తప్పులు వెతకడు. పేరున్న రచయితలే బోలెడు తప్పులు రాశారు. చివరగా, రీసెర్చ్ అనేది సైన్సు చదివినవాళ్లకూ పెద్ద లైబ్రరీలున్న ఊళ్లవాళ్లకూ సాధ్యం గానీ, మన జిల్లాల్లో కూర్చుని రాసేవాళ్లకు కాదు.

ఆ చివరి మాట లేకపోతే నేను ఊరుకునేదాన్ని. మా గ్రూపులో కొత్తగా రాస్తున్న ఒక డిగ్రీ అమ్మాయి ఆ పోస్టు కింద "అయితే నేను సైన్స్ ఫిక్షన్ మానేస్తానక్కా" అని పెట్టింది. ఆ అమ్మాయి కథలు రెండు చదివాను. మానేయాల్సిన చెయ్యి కాదది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"అంతా కల్పనే. నియమాలెందుకు?"

ఒక మంత్రగాడు చెరువును ఎండగొట్టాడని కథ రాద్దాం. మంత్రం మన ఇష్టం. దానికి ఎవరూ రుజువు అడగరు. కానీ చెరువు మన ఇష్టం కాదు. కాకతీయుల కాలం నుంచీ మన దగ్గర చెరువులు ఒంటరిగా లేవు, గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. పై చెరువు ఎండితే కింది ఊరికీ దెబ్బే. పై చెరువు కట్ట తెగితే ఆ వరదకు కింది చెరువు కట్ట కూడా తెగొచ్చు. అంటే మంత్రగాడు ఒక ఊరి మీద పగ తీర్చుకోబోయి నాలుగు ఊళ్లకు ముప్పు తెస్తాడు. ఆ నాలుగో ఊళ్లో అతని సొంత చెల్లెలు ఉందనుకోండి. ఈ మలుపు నేను కష్టపడి ఆలోచించింది కాదు. గొలుసుకట్టు గురించి తెలుసుకుంటే దానంతట అదే వచ్చింది.

ఆ కథ రాసేటప్పుడు మా ఊళ్లో ఒకప్పుడు నీరటిగా చేసిన తాత దగ్గరికి వెళ్లాను. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూడటం ఆయన పని. "తాతా, వానాకాలంలోనే చెరువు రోజురోజుకూ తగ్గుతుంటే ముందు ఎవరికి తెలుస్తది?" అని అడిగాను. వరి పెట్టిన రైతుకు అంటాడనుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చెరువు కింది బాయిలల్ల చేద తాడు చాలదు బిడ్డా. నిన్న అందిన నీళ్లు ఇయ్యాల అందయి. ఆడోళ్లకు తెలుస్తది ముందుగాల" అన్నాడు.

నా కథ మొదటి పేరాలో అప్పటిదాకా ఉరుములు, మెరుపులు, మంత్రగాడి ఎర్రకళ్లు ఉండేవి. అవన్నీ కొట్టేశాను. తెల్లవారుజామున ఒకామె బావిలో చేద వేస్తుంది. తాడు అయిపోతుంది, నీళ్ల చప్పుడు రాదు. కథ అక్కడ మొదలవుతుంది. మంత్రం కల్పనే, తాడు మాత్రం నిజం. ఆ తాడును నమ్మిన పాఠకుడు మంత్రాన్నీ నమ్ముతాడు.

"రీసెర్చ్ ఊహను చంపేస్తుంది."

ఇందులో ఒక పాలు నిజం ఉంది, అది ముందే ఒప్పుకుంటాను. తెలుసుకున్నదంతా కథలో కుమ్మరిస్తే కథ చస్తుంది. నా మొదటి కథలో రాకెట్ ఇంధనం మీద మూడు పేజీలు ఉండేవి. అది కథ కాదు, పరీక్ష పేపరు. అయితే అక్కడ తప్పు తెలుసుకోవడంలో లేదు, ఏది దాచుకోవాలో తెలియకపోవడంలో ఉంది.

ఊహకు మేత ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. అమెరికా రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ 1957లో ఆరెగాన్ రాష్ట్రం సముద్రతీరానికి ఒక పత్రికా వ్యాసం కోసం వెళ్లాడు. అక్కడ ఇసుక దిబ్బలు గాలికి కదులుతూ రోడ్ల మీదికి వస్తుంటే గడ్డి నాటి వాటిని ఆపుతున్నారు. ఆ వ్యాసం అప్పట్లో అచ్చుకాలేదు. కానీ ఆయన వదిలిపెట్టలేదు, ఎడారుల గురించీ ఎడారి మనుషుల గురించీ ఏళ్ల తరబడి చదివాడు. 1965లో 'డ్యూన్' నవల వచ్చింది. ఒక గ్రహం మొత్తం ఇసుక, ప్రతి నీటి బొట్టుకూ లెక్క. ఆ ఊహను రీసెర్చ్ చంపిందా, కన్నదా?

మనకు అంతదూరం పోయే పనే లేదు. పాలంపేట రామప్ప గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలతాయి. ఫోన్లో వెతికితే "ఎవరికీ అంతుబట్టని రహస్యం" అనే ఫార్వర్డులే ముందు వస్తాయి. అక్కడే ఆగిపోతే ఆశ్చర్యం తప్ప ఏమీ మిగలదు. ఇటుక లోపలంతా సన్నటి గుల్లలు ఉంటాయనీ, అందుకే నీటికంటే తేలికనీ, పైన బరువు తగ్గించడానికే శిఖరానికి దాన్ని వాడారనీ తెలిస్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఊరంతా ఆ ఇటుకతోనే కట్టుకుంటే? గోదావరి పొంగినప్పుడు ఆ ఊరు మునగదు, తేలుతుంది. గుల్లల్లోకి మెల్లగా నీరు చేరుతుంటే ఎన్ని రోజులు తేలుతుంది? ఇక్కడ నాకు ఒక నవలకు సరిపడా టెన్షన్ కనిపిస్తోంది. రాయదలుచుకున్నవాళ్లు ఎవరైనా ఈ ఊహ తీసుకోండి.

"పాఠకుడు తప్పులు వెతకడు."

వెతకడు, నిజమే. తప్పే అతని కాలికి తగులుతుంది.

నేను ఒక కథలో కాలయంత్రం ఎక్కించి ఒక కుర్రాణ్ణి రుద్రమదేవి కాలపు ఓరుగల్లుకు పంపాను. కోటలో సైనికులు అతనికి జొన్నరొట్టె, ఎర్రటి మిరప్పొడి పెడతారు. ఆ ఘాటుకు కుర్రాడి కళ్ల వెంట నీళ్లు. ఆ సన్నివేశం చూసుకుని మురిసిపోయాను. కథ చదివిన ఒక రైతు ఫోన్ చేశారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఏటా మిర్చి తెచ్చే మనిషి. "అమ్మా, మిరప మన పంట కాదు కదా, బయటి దేశం నుంచి వచ్చిందని మా పిల్లల పుస్తకంలో ఉంది. రుద్రమదేవి నాటికి ఉందా?" అని అడిగారు.

లేదు. మిరప అమెరికా ఖండాల మొక్క. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో, పోర్చుగీసువాళ్ల వెంట మిరప వచ్చింది ఆ తర్వాతే. కాకతీయ రాజ్యం కూలింది 1323లో. ఎటు చూసినా 175 ఏళ్ల పైన తేడా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల యార్డులో ఎర్రటి రాసుల మధ్య ముక్కుకు రుమాలు కట్టుకుని నడిచినవాళ్లకు మిర్చి లేని వరంగల్‌ను ఊహించడమే కష్టం. నేనూ ఊహించలేకపోయాను, అదే నా తప్పు. ఆ కాలంలో ఘాటంటే మిరియం. కాకతీయ రాజు గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి రేవు శాసనంలో చందనం, కర్పూరం, ముత్యాలతో పాటు మిరియాల మీద కూడా సుంకం రాసి ఉంది. మిరియం నుంచే మిరప అన్న పేరు పుట్టింది. ఇదంతా తెలిశాక ఆ సన్నివేశాన్ని తిప్పి రాశాను. ఆ కుర్రాడి జేబులో ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చిమిరపకాయ ఉంటుంది. దాన్ని కొరికి చూసిన సైనికుడు విషం పెట్టాడనుకుని కత్తి దూస్తాడు. ముందు రాసిన దానికంటే ఇది ఎంత బాగుందో చెప్పనక్కర్లేదు. ఆ ఫోన్ చేసిన రైతుకు నేను రుణపడి ఉన్నాను.

"పేరున్నవాళ్లే తప్పులు రాశారు."

రాశారు. అమెరికా రచయిత లారీ నివెన్ 1970 నాటి 'రింగ్‌వరల్డ్' మొదటి ముద్రణలో హీరో తన పుట్టినరోజును పొడిగించుకోవడానికి తూర్పుకు ప్రయాణిస్తాడు. పోవాల్సింది పడమరకు, అప్పుడే గడియారం వెనక్కి జరిగి ఆ రోజు పొడుగవుతుంది. తర్వాతి ముద్రణల్లో దిద్దుకున్నాడు. ఆ నవలలోని బ్రహ్మాండమైన వలయం తన నక్షత్రం చుట్టూ నిలకడగా ఉండదని పాఠకులు తేల్చి చెబితే, తర్వాతి నవలలో దాన్ని నిలబెట్టే ఏర్పాటు రాశాడు. ఆండీ వెయిర్ 'ది మార్షియన్' నవలలో అంగారకుడి మీద రాకెట్‌ను పడదోసేంత పెనుగాలి రాశాడు. అక్కడి గాలి పీడనం మన దగ్గరి దానిలో నూరో వంతు కూడా ఉండదు, ఆ గాలి రాకెట్‌ను పడదోయలేదు. ఆ సంగతి తనకు తెలుసనీ, కథ కోసమే అలా ఉంచాననీ ఆయనే చెప్పాడు. ఒకరు తెలియక రాసి దిద్దుకున్నారు, ఒకరు తెలిసి రాశారు. వీళ్లిద్దరిలో ఎవరూ తెలుసుకోవడం అనవసరం అనలేదు.

"మన జిల్లాల నుంచి రాసేవాళ్లకు సాధ్యం కాదు."

దీనికి నా చివరి కథే జవాబు. చంద్రుడి మీద లావా పారి ఖాళీ అయిన సొరంగాలు ఉన్నాయని శాస్త్రవేత్తల అంచనా. జపాన్ అంతరిక్ష నౌక కగుయా పంపిన ఫొటోల్లో అలాంటి సొరంగంలోకి దారి అనుకోదగ్గ నిలువు గొయ్యి 2009లో బయటపడింది. చంద్రుడి మీద రాత్రి మన లెక్కలో సుమారు 14 రోజులు ఉంటుంది, చలి భయంకరంగా ఉంటుంది, కాబట్టి మనుషులు లోపల తలదాచుకోవడం సబబే. ఇంతవరకు పుస్తకాల్లో, ఫోన్లో దొరికింది. కానీ రాతి కప్పు కింద బతికే మనిషికి ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మా దగ్గర బావినీ బాయి అంటాం, బొగ్గుగనినీ బాయి అంటాం. గోదావరిఖనిలో మా పెద్దబాపు ముప్పై ఏళ్లు బాయిలకు దిగాడు. వెళ్లి, గని కప్పు గట్టిదో కాదో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన లేచి, మూలనున్న కర్ర తీసుకుని, ఎడమచెయ్యి గోడకు ఆనించి, పక్కన కర్రతో తట్టి చూపించాడు. "ఖంగుమంటె గట్టిది. బొదబొదమంటె లోపల పగులున్నట్టు, ఆడ నిలవడొద్దు. మిషన్ల చప్పుడుల చెవికి ఇనరాకపోతె చెయ్యికి తెలుస్తది, అదురు మారుతది."

చంద్రుడి మీద గాలి లేదు పెద్దబాపూ, చప్పుడే వినపడదు అన్నాను. "చెయ్యి ఉంది గద" అన్నాడు. చేతికి మందమైన తొడుగు ఉంటుందన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకే తోచింది. గాలి లేకపోయినా గట్టి వస్తువుల గుండా అదురు ప్రయాణిస్తుంది. ఇనుప కడ్డీ ఒక కొసను కప్పుకు ఆనించి రెండో కొసను హెల్మెట్‌కు ఆనిస్తే, ఆ హెల్మెట్ లోపలి గాలిలో చప్పుడు వినిపిస్తుంది. మా ఇద్దరికీ ఇది పెద్ద పండగలా అనిపించింది. పెద్దమ్మ రెండోసారి చాయ్ పెట్టింది.

రాత్రి ఇంటికొచ్చి, చంద్రుడి సొరంగంలో కడ్డీతో కప్పును పరీక్షించే ఒక అమ్మాయి కథ పూర్తి చేసి, తెల్లారి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని ఆయన ఒకే ప్రశ్న వేశాడు. "ఆ పిల్ల ఒక్కతే పోయిందా? కడ్డీ పట్టుకొని ఇనేటోళ్లు ఒకలుంటె, తట్టేటోళ్లు ఇంకొకలుండాలె గద. కప్పు కింద ఒక్కల్ని పంపరు."

నా కథలో అప్పటివరకు ఒక్కతే ఉంది. రెండో మనిషిని రాయడానికి ఇంకో పది రోజులు పట్టింది.