పేరు రాయని చీటీలు

మా అపార్ట్‌మెంట్ పుస్తకాల సభలో చీటీ మీద పేరు రాయకూడదన్న రూలు ఊరికే రాలేదు. మొదటి సభలో రెండో అంతస్తు కాంట్రాక్టరుగారు లేచి, "విశ్వనాథవారు వేయిపడగలు 29 రోజుల్లో చెప్పి రాయించారట. నేను రెండేళ్ళుగా చదువుతున్నా సగానికి రాలేదు. కాస్త కుదించాల్సిందండీ" అన్నారు. బెజవాడలో కూర్చుని విశ్వనాథవారిని అంత మాట అనొచ్చా? తెలుగు మాస్టారు ఆయనతో మాటలు మానేశారు. ఉన్నది ఒక్కటే లిఫ్టు. అందులో ఒకరు కనబడితే రెండోవారు మెట్లెక్కేవారు. ఆ మోకాళ్ళతో, ఆ ఆయాసంతో, చూడలేకపోయాం.

అందుకే ఈసారి కార్యదర్శిగారు పకడ్బందీగా ఏర్పాటు చేశారు. పెద్దలకి మొక్కపాటివారి బారిస్టర్ పార్వతీశం, 1924లో వచ్చిన మొదటి భాగం. పిల్లలకి బుడుగు. అభిప్రాయం చీటీ మీద రాసి, పెద్దలు స్టీలు పళ్ళెంలో, పిల్లలు ప్లాస్టిక్ బుట్టలో వెయ్యాలి. బుడుగు పిల్లల పుస్తకం ఎలా అయిందండీ అని నేను గొణిగాను. ముళ్ళపూడివారు దాన్ని ఆంధ్రపత్రిక వీక్లీలో రాసింది పెద్దవాళ్ళు చదువుకుని నవ్వుకోవడానికి. మాట్లాడేది పిల్లాడే గానీ చురకలన్నీ మనకే. వింటేగా! "బాపుగారి బొమ్మలున్నాయి కదండీ" అని తేల్చేశారాయన.

సెల్లార్‌లో ఒకటే ఉక్క. వాచ్‌మన్ ఎవరింట్లోంచో పెడెస్టల్ ఫ్యాన్ మోసుకొచ్చి, పాపం మంచి మనసుతోనే, మూడో నంబరు మీద పెట్టాడు. చీటీలు లేచాయి. కొన్ని కార్ల కిందకి, కొన్ని స్కూటర్ల మీదకి, ఒకటి సూటిగా పునుగుల పక్కనున్న చట్నీలోకి. పిల్లలు కేకలేస్తూ వెంటపడ్డారు. దొరికినవన్నీ తెచ్చి ఒకే పళ్ళెంలో పోశారు.

"ఫర్వాలేదు, చదివితే తెలిసిపోదూ పెద్దలవేవో పిల్లలవేవో" అన్నారు మాస్టారు.

కార్యదర్శిగారు మొదటి చీటీ విప్పారు. "శైలి సరళం. పాత్రపోషణ అద్భుతం. ఆనాటి సమాజానికి అద్దం పట్టిన రచన. ప్రతి ఒక్కరూ చదివి తీరాలి."

మాస్టారు కళ్ళు మూసుకుని తలాడించారు. "పుస్తకాన్ని నమిలి జీర్ణం చేసుకున్న మనిషండీ!" అంటూ డాక్టరుగారి వైపు చూశారు. డాక్టరుగారు కాదనలేదు. ఈలోగా ఐదో తరగతి పాప చెయ్యెత్తింది. "అది నాదండీ. మా స్కూల్లో ఏ పుస్తకానికైనా అలాగే రాయమన్నారు."

"చదివావామ్మా?"

"ఇంకా లేదండీ."

చట్నీ చీటీ తుడిచి చదివారు. "ప్రైవేటు మాస్టార్లని హడలగొట్టే చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. మనసు తేలికపడింది." అందరూ పిల్లలకేసి చూసి "వెధవల్లారా" అని నవ్వారు. నాలుగో అంతస్తులో ట్యూషన్లు చెప్పే మేడమ్ మాత్రం నవ్వలేదు. పునుగుల పళ్ళెం దగ్గరికి జరిగి, చాలాసేపు అటే తిరిగి నిలబడ్డారు.

మూడోది: "సగం అర్థం కాలేదు. మొగల్తూరు నుంచి బయల్దేరినవాడు ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న దగ్గర గట్టిగా నవ్వితే ఇంట్లో తిట్టారు. ఓడ ఎక్కిన దగ్గర్నుంచీ నాకే కడుపులో తిప్పింది. బొమ్మలు వేసుంటే బాగుండేది."

కార్యదర్శిగారి గొంతు వణికింది. "చూశారా? పెద్దల పుస్తకం కూడా చదివేశాడు. అర్థం కానిది కాలేదనే రాశాడు. ఇదీ పసిమనసు! మొదటి బహుమతి వీడికే." స్కెచ్ పెన్నుల ప్యాకెట్ పైకెత్తి చూపించారు. "ఎవరు నాన్నా? రా, సిగ్గుపడకు."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. బ్యాంకు మేనేజరుగా రిటైరైన తాతగారు పంచె సర్దుకుంటూ నడిచొచ్చి చెయ్యి చాపారు. కార్యదర్శిగారు ప్యాకెట్‌ని గుండెకి హత్తుకున్నారు.

"ఇచ్చెయ్యండి, రూలు రూలే" అన్నారు కాంట్రాక్టరుగారు చప్పట్లు కొడుతూ. మాస్టారు కూడా కొట్టారు, ఆయన కొట్టడం ఆపాక.

మర్నాడు పొద్దున్నే కార్యదర్శిగారింటి కాలింగ్ బెల్ మోగింది. ప్యాకెట్‌లో నీలం పెన్ను రాయడం లేదట, మార్చి ఇవ్వాలట.