ట్రైనర్‌ని వదిలించుకోవడం ఇంత కష్టమా?

జిమ్‌లో పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ అని డబ్బంతా ముందే కట్టించుకున్నారు. నేను స్క్వాట్లు చేస్తుంటే ఆయనగారు రీల్స్ చూసుకుంటాడు. మోకాలు నొప్పి అంటే, "ఏం కాదు మేడం, ఇంకో సెట్ కొట్టండి" అంటాడు. గతవారం ఎంత బరువు ఎత్తానో ఆయనకి గుర్తుండదు, ఎక్కడా రాసుకోడు కూడా. ప్రోటీన్ పౌడర్ అంటగట్టడంలో మాత్రం ఎక్కడలేని శ్రద్ధ! మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ఆ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. ఆ మాటంటే, "వాళ్లు జిమ్‌కి వెళ్తారా మేడం?" అట.

మానేస్తానంటే రిసెప్షన్‌లో, "రిఫండ్ ఉండదండీ, ట్రైనర్‌ని మారుస్తాం" అన్నారు. మార్చారు. ఇప్పుడు పాతాయన ఎదురుపడితే చాలు, నేనేదో ఆయన ఆస్తి కాజేసినట్టు మొహం తిప్పుకుంటాడు. డబ్బూ నాదే, మోకాలూ నాదే, మొహమాటం కూడా నేనే పడాలా?