‘త్వరలో’ అన్న బాకీ

నా దగ్గర మొన్నటిదాకా ఓ ఫ్లోర్ మోడలర్ ఉండేది, అంటే గిటార్ యాంప్లిఫయర్ ధ్వనిని అనుకరించే, కాళ్ల దగ్గర పెట్టుకునే ఎలక్ట్రానిక్ పెట్టె. దాని వెనక, కేబుళ్లు గుచ్చే వరసలో చిట్టచివర ఓ యూఎస్‌బీ పోర్టు. దానికో బుల్లి రబ్బరు మూత. పక్కనే సన్నటి తెల్ల అక్షరాలు: ‘భవిష్యత్ అవసరాలకు’. కొన్న రోజున ఆ అక్షరాలు చూసి మురిసిపోయాను. దానికి మిడీ కంట్రోలర్ (బయటి నుంచి పెట్టెను నడిపించే మీటల పరికరం) నేరుగా తగిలించుకోవచ్చని, ఆ సదుపాయం ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లో వస్తుందని కంపెనీ పేజీలో రాశారు. రెండు మోడళ్ల మధ్య ఊగిసలాడుతున్న నన్ను ఇటు మొగ్గేలా చేసింది ఆ ఒక్క వాక్యమే. ఆరేళ్లు గడిచాయి. ఆ మోడల్ తయారీ ఆపేశారు. దాని తర్వాతి మోడల్ వచ్చింది, అందులో ఆ పోర్టు భేషుగ్గా పనిచేస్తోంది. నాదాని రబ్బరు మూత తీసి చూస్తే లోపలి లోహం కొత్తదానిలా తళతళలాడేది. పెట్టె మొత్తమ్మీద గీత పడని చోటు అదొక్కటే.

మోడలర్ల కథ గిటారిస్టులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1998లో లైన్ 6 అనే కంపెనీ తెచ్చిన ఎర్రటి ‘పాడ్’ మొదలు, 2006 నాటి యాక్స్-ఎఫ్ఎక్స్, 2011 నాటి కెంపర్ ప్రొఫైలర్, 2015 నాటి హీలిక్స్ మీదుగా ఇవాళ్టి టచ్‌స్క్రీన్ పెట్టెల దాకా వాళ్లకు తెలిసిందే. ట్యూబ్ యాంప్ మోగే తీరును లెక్కల్లోకి దించి, ఆ లెక్కను చిప్ మీద నడపడం వీటి పని. ధ్వని విషయంలో నాకు పేచీ లేదు. కళ్లు మూసుకుని వింటే ఏది ట్యూబో ఏది చిప్పో నేనైతే చెప్పలేను. చెప్పగలమనేవాళ్లలో చాలామందీ చెప్పలేరు. నా పేచీ అల్లా అట్ట మీద రాసినదానికీ అట్టపెట్టె లోపల ఉన్నదానికీ మధ్య దూరం గురించే.

అందరి నోళ్లలో నానిన ఉదాహరణ తీసుకుందాం. న్యూరల్ డీఎస్పీ సంస్థ క్వాడ్ కార్టెక్స్ అనే మోడలర్‌ను 2020 జనవరిలో ప్రకటించింది. పెట్టె 2021లో జనం చేతికొచ్చింది. ఆ సంస్థకు అప్పటికే కంప్యూటర్ ప్లగిన్ల వల్ల, అంటే కంప్యూటర్‌లోనే యాంపుల ధ్వనినిచ్చే ప్రోగ్రాముల వల్ల, గొప్ప పేరు. ఆ ప్లగిన్లు ఈ పెట్టెలోనూ నడుస్తాయన్నది తొలినాళ్ల ప్రచారంలో పెద్ద ఆకర్షణ. కంప్యూటర్ తెర మీద ప్రీసెట్లు (దాచిపెట్టుకున్న ధ్వని అమరికలు) దిద్దుకునే ఎడిటర్ 2023లో వచ్చింది. ప్లగిన్లు పెట్టెలోకి రావడం 2024లో మొదలైంది, అదీ విడతలవారీగా. ఇచ్చిన మాట నిలబెట్టుకునే పని మొదలుపెట్టారు, కాదనను. పెట్టె కూడా మంచిదే. కానీ 2021లో ఆ ప్లగిన్ల కోసమే పూర్తి డబ్బు కట్టినవాడి సంగతి? మూడేళ్లపాటు వాడు వాడిన వస్తువు వేరు, కొన్న వస్తువు వేరు.

ఎందుకింత ఆలస్యం? ఇక్కడ ఇంజినీర్లను తిట్టడం అన్యాయం. కంప్యూటర్ మీద నడిచే ప్లగిన్‌కు ఓ సుఖం ఉంది. మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు ప్రాసెసర్ ఆయాసపడితే బఫర్‌ను, అంటే ఒక్క విడతలో లెక్కకు తీసుకునే ధ్వని తునకల (శాంపిళ్ల) సంఖ్యను, 1024కు పెంచేస్తాం. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన అది దాదాపు 21 మిల్లీసెకన్ల ఆలస్యం. మిక్సింగ్‌లో దాన్నెవరూ పట్టించుకోరు. కాళ్ల దగ్గర పెట్టెకు ఆ వెసులుబాటు లేదు. మీటిన తీగ 21 మిల్లీసెకన్లు ఆగి మోగితే వేళ్లకు వెంటనే తెలిసిపోతుంది, తాళం జారినట్టుంటుంది. ఒక్కో శాంపిల్ వాటాకు సుమారు 21 మైక్రోసెకన్లు. యాంపు, క్యాబినెట్, డిలే, రివర్బ్ అన్నిటి లెక్కా ఆ లోపే తెగాలి. పైగా కంప్యూటర్ ప్రాసెసర్ కోసం రాసిన కోడ్ పెట్టెలోని డీఎస్పీ చిప్ (ధ్వని లెక్కల కోసమే చేసిన చిప్) మీద యథాతథంగా నడవదు. చాలావరకు మళ్లీ రాయాలి, కుదించాలి, మెమరీలో ఇరికించాలి, పాతదానిలాగే మోగుతోందో లేదో చెవితో పరీక్షించాలి. ఏళ్లు పట్టే పనే.

సరిగ్గా అందుకే నా కోపం మార్కెటింగ్ మీద. ఏళ్లు పట్టే పని అని ప్రకటించే రోజునే తెలిస్తే, కొనేవాడికి ఆ మాట చెప్పలేదన్నమాట. తెలియకపోతే, తమకే తెలియని దాన్ని అమ్మకానికి పెట్టారన్నమాట. మూడో దారి నాకు కనబడలేదు.

ఈ వ్యాపారానికి తెలుగు వ్యాకరణం చక్కగా సరిపోతుంది. ‘ప్లగిన్లు నడుస్తాయి’ అన్నామనుకోండి. ఇవాళ నడుస్తాయనా, రేపు నడుస్తాయనా? తద్ధర్మార్థక క్రియ రెండిటికీ చెల్లుతుంది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’ అన్నదీ అదే రూపం, ‘మా అబ్బాయి వచ్చే నెలలో వస్తాడు’ అన్నదీ అదే రూపం. ఒకటి నిత్యసత్యం, ఇంకొకటి నమ్మకం. కంపెనీలు ఏ భాషలో రాసినా ఈ రెండో దాన్ని మొదటి దాని వేషంలో నిలబెడతాయి. ఫీచర్ల పట్టికలో ‘ఉంది’ అన్నవాటి నడుమ ‘త్వరలో’ అన్నది ఒకటో రెండో దూరుతుంది. అదే అక్షరాల సైజు, అదే టిక్ గుర్తు, పక్కన ఓ బుల్లి నక్షత్రం. ఆ నక్షత్రం పట్టుకుని పేజీ అడుక్కి వెళితే ‘ముందస్తు సమాచారం లేకుండా మార్పులు ఉండవచ్చు’ అని తేలుతుంది. నేతి బీరకాయ సామెత పుట్టినప్పుడు ఫర్మ్‌వేర్ లేదు గానీ, సామెత చెప్పినవాళ్లకు సరుకు సంగతి బాగా తెలుసు.

ఇందులో సమీక్షకుల వాటా తక్కువేం కాదు. విడుదలకు ముందే పెట్టె వాళ్ల చేతికొస్తుంది. వీడియోలో ఇరవై నిమిషాలు వాయించి, చివర్లో ‘ఎడిటర్ ఇంకా రాలేదు, వస్తే దీనికి తిరుగుండదు’ అంటారు. ఆ ‘వస్తే’ కూడా మార్కుల్లో కలిసిపోతుంది. రెండేళ్ల తర్వాత ఎడిటర్ రాకపోయినా ఆ వీడియో అలాగే ఉంటుంది, ఆ మార్కులూ అలాగే ఉంటాయి. కొత్తగా కొనేవాడికి కనబడేది అదే. రాని ఫీచర్‌కు ముందే వేసిన మార్కులను తర్వాత తీసేసిన సమీక్షకుణ్ని నేనింకా చూడలేదు.

అవతలి వాదన నాకు తెలుసు. పాత రోజుల్లో యాంప్ కొంటే కొన్నదే చివరిదాకా. ఇప్పుడు అయిదేళ్లపాటు ఉచితంగా కొత్త యాంపులు, కొత్త ఎఫెక్టులు వచ్చి పడుతున్నాయి కదా, ఇంకా ఈ సణుగుడేమిటి అంటారు. నిజమే. లైన్ 6 వారి చిన్న మోడలర్ హెచ్ఎక్స్ స్టాంప్ 2018లో ప్రీసెట్‌కు 6 బ్లాకులతో (ఒక్కో యాంపు, ఒక్కో ఎఫెక్టు ఒక్కో బ్లాకు) వచ్చింది. 2020లో ఒక్క ఫర్మ్‌వేర్‌తో 8 అయ్యాయి, పైసా అడగలేదు. అది కానుక. కొన్నవాడు దాన్ని లెక్కలో వేసుకుని కొనలేదు. రాకపోయినా వాడు నష్టపోయేవాడు కాదు. పేరు పెట్టి చెప్పి, దాన్ని చూపించి అమ్మినది బాకీ. పది కానుకలిచ్చినంత మాత్రాన ఒక బాకీ మాఫీ కాదు. 2025లో హీలిక్స్ స్టేడియం అనే కొత్త మోడలర్‌ను ప్రకటించినప్పుడు లైన్ 6, యాంప్‌ను నకలు తీసే ‘ప్రాక్సీ’ సదుపాయం తర్వాతి ఉచిత అప్‌డేట్‌లో వస్తుందని ముందే చెప్పింది. దాచలేదు కదా అని మెచ్చుకున్నవాళ్లున్నారు. చెప్పి చేసిన అప్పు కూడా అప్పే.

బాకీ అన్న మాట ఊరికే వాడలేదు. ఈ సంగతి అకౌంటెంట్లు ఎప్పుడో కనిపెట్టారు. 2006లో యాపిల్ అమ్మిన కొన్ని కంప్యూటర్లలో కొత్త తరం వైఫైకి పనికొచ్చే చిప్ ఉంది, కానీ దాన్ని మేల్కొలపలేదు. 2007లో ఆ పని చేసే చిన్న సాఫ్ట్‌వేర్ విడుదల చేస్తూ 1.99 డాలర్లు అడిగింది. అంత పెద్ద కంపెనీకి రెండు డాలర్ల కక్కుర్తేమిటని జనం నవ్వారు. కంపెనీ చెప్పిన కారణం అకౌంటింగ్. కంప్యూటర్ అమ్మేసి, ఆ రాబడి మొత్తం పుస్తకంలో రాసేసుకుని, తర్వాత అందులో లేని కొత్త సామర్థ్యాన్ని ఉచితంగా ఇస్తే, అసలు అమ్మకం పూర్తి కాకుండానే రాబడి రాసుకున్నట్టవుతుందన్నది దాని సారాంశం. (పద్దుల శాస్త్రం ఇంత రసవత్తరంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.)

నిబంధనలు ఆ తర్వాత మారాయి. 2014లో వెలువడి 2018 నుంచి అమలవుతున్న ఐఎఫ్ఆర్ఎస్ 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ విషయంలో ఇంకా సూటిగా ఉంది. ఒప్పందంలో రాసినవే కాదు, వ్యాపార అలవాటు వల్లో, బహిరంగంగా చేసిన ప్రకటన వల్లో కొనుగోలుదారుడికి న్యాయమైన ఆశ కలిగిస్తే అదీ వాగ్దానమే. ఫలానా అప్‌గ్రేడ్ ఇస్తానని చెప్పి అమ్మితే ధరలో ఆ అప్‌గ్రేడ్ వాటా ఎంతో విడదీసి, అది ఇచ్చేదాకా రాబడిగా చూపకూడదు. ఇచ్చిన రోజే రాసుకోవాలి. అప్పటిదాకా అది కంపెనీ సొమ్ము కాదు, ఇంకా తీర్చాల్సినది.

మళ్లీ ఒకసారి చదవండి. మీరు కట్టిన ధరలో కొంత భాగం రాని ఫీచర్‌ది. పద్దు రాసేవాడికి ఈ సంగతి తెలుసు, ఆ భాగానికి అంకె వేయగలడు కూడా. బ్రోచర్ రాసేవాడికి మాత్రం అది ఉత్త ఉత్సాహం. ఒకే కంపెనీ, ఒకే వాక్యం, రెండు గదులు. తేదీ లేకుండా, ‘త్వరలో’, ‘పనిచేస్తున్నాం’, ‘మార్పులు ఉండవచ్చు’ అంటూ ఈ మాటలు అంత జాగ్రత్తగా నీళ్లు కలిపినట్టుండటానికి పద్దుల గదిలోని భయం కూడా ఓ కారణమని నా అనుమానం. ఆశ పుట్టాలి, హక్కు పుట్టకూడదు. మాట ఆ సన్నటి గట్టు మీదే నడవాలి.

గిటారిస్టుల గోల మనకెందుకు అనేవాళ్లు తమ గ్యారేజీలోకి, జేబులోకి ఓసారి చూసుకోవాలి. పూర్తిగా తనంతట తాను నడవడానికి కావాల్సిన హార్డ్‌వేర్ ఇకపై తమ కార్లన్నిటిలో ఉంటుందని టెస్లా 2016 అక్టోబరులో చెప్పింది. ఆ కంప్యూటర్ చాల్లేదు, మార్చారు. మార్చినదీ చాలదని, ఆ ప్యాకేజీకి డబ్బు కట్టినవాళ్లకు మళ్లీ మార్చాల్సి వస్తుందని ఎలాన్ మస్క్ 2025 జనవరిలో ఒప్పుకున్నారు. యాపిల్ 2024 జూన్‌లో ఫోన్‌లో మాటలు విని పనిచేసే ‘సిరి’ కొత్త రూపాన్ని చూపించింది. దాన్ని చూపిస్తూ ఫోన్ ప్రకటనలూ వేసింది. 2025 మార్చిలో వాయిదా అని చెప్పి ఆ ప్రకటన తీసేసింది. రెండు చోట్లా వాక్యం ఒకటే: ‘హార్డ్‌వేర్ సిద్ధంగా ఉంది, సాఫ్ట్‌వేర్ వస్తుంది’. నా రబ్బరు మూత పక్కన తెల్ల అక్షరాలు చెప్పిందీ అదే.

ఒకప్పుడు సరుకు తయారయ్యాక అమ్మేవారు. ఇప్పుడు అమ్మాక తయారుచేస్తున్నారు. ఆ తయారీకి పెట్టుబడి ఎవరిదయ్యా అంటే కొన్నవాడిది. వడ్డీ లేదు, పత్రం లేదు, గడువు లేదు. నలుగురు కలిసి కంపెనీలో పెట్టుబడి పెడితే వాటా అయినా దక్కుతుంది. ఇక్కడ దక్కేది అప్‌డేట్ నోట్స్. ఈ పద్ధతి మోడలర్లతో పుట్టలేదు, వాటితో పోదు. కానీ మోడలర్ కొనేవాడు సాధారణంగా పాత ట్యూబ్ యాంప్ అమ్ముకుని మరీ కొంటాడు. ఆ పాతది తర్వాత దొరకదు. అందుకే ఈ అప్పు ఇక్కడ కాస్త ఎక్కువ గుచ్చుకుంటుంది.

నేను అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. ఈ రోజు పనిచేసేవి మాత్రమే ఫీచర్ల పట్టికలో ఉండాలి. రాబోయేవి వేరే పేజీలో, ఒక్కోదానికీ తేదీతో ఉండాలి. ఆ తేదీ దాటితే పెట్టె వెనక్కిచ్చే హక్కు కొన్నవాడికి ఉండాలి, లేదా ఆ వాటా సొమ్ము తిరిగి రావాలి. ఎంత అని అడిగితే పద్దు రాసేవాడు చెబుతాడు, పైన చూశాం కదా. యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి అమలవుతున్న సరుకుల అమ్మకాల నిబంధనలు, ప్రకటనల్లో చెప్పిన మాటలను కూడా లెక్కలోకి తీసుకుని, సరుకు ఎలా ఉండాలో తూస్తున్నాయి. దారి లేకపోలేదు. తేదీ వేయలేమంటారా, అయితే ఆ ఫీచర్ గురించి నోరెత్తకండి. వచ్చిన రోజు చెప్పండి, పండగ చేసుకుంటాం. హెచ్ఎక్స్ స్టాంప్ వాళ్లు చేసుకోలేదూ?

చివరికి నా మోడలర్‌ను సెకండ్ హ్యాండ్‌కు అమ్మకానికి పెట్టాను. కొనడానికి వచ్చిన కుర్రాడు గంటసేపు వాయించి చూశాడు. ఫుట్‌స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా తొక్కాడు. తర్వాత పెట్టెను తిరగేసి రబ్బరు మూత వేలితో లేపి, ‘ఇదేంటండీ?’ అన్నాడు. పనిచెయ్యదని చెప్పాను. ‘పాడైందా?’ అన్నాడు. లేదు, ఎప్పుడూ పనిచెయ్యలేదన్నాను. అయితే దానికి కొంత తగ్గించమన్నాడు. తగ్గించాను.