గవర్నరుగారికి ఎన్ని గుణాలు కలిశాయి?

పెళ్లి పొంతన చూసే సిద్ధాంతిగారికి ఒక సౌకర్యం ఉంది. 36 గుణాల్లో 18 కలిస్తే చాలు, ముహూర్తం పెట్టేస్తారు. అబ్బాయికి ఉద్యోగం ఉందా, అమ్మాయికి వాడి ముఖం చూడబుద్ధవుతుందా అనేవి ఆ 36లో లేవు కాబట్టి వాటి బెంగ ఆయనకు లేదు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో మా తెలుగువాళ్లు ఈ శాస్త్రాన్ని సముద్రం దాటించి రాష్ట్ర గవర్నరు ఎన్నికకు అన్వయించారు. నాలుగేళ్లకొకసారి, దసరా దీపావళి రోజుల్లో, వాట్సాప్‌లోకి ఒక పట్టిక దిగుతుంది. దాని పేరు 'ప్రభుత్వ విద్యపై అభ్యర్థుల పోలిక'. ఎడమ పక్క అంశాలు, కుడి పక్క ఇద్దరు అభ్యర్థులు, వాళ్ల కింద ఆకుపచ్చ టిక్కులూ ఎర్ర ఇంటూలూ. ఎవరు తయారు చేశారని అడగకూడదు. వేదాలు అపౌరుషేయాలు, ఇదీ అంతే.

ఇండియాలో ఉన్న పాఠకులకు ఒక మాట. ఇక్కడ గవర్నరంటే స్వాతంత్ర్య దినాన తేనీటి విందు ఇచ్చి, ప్రభుత్వం రాసిచ్చిన ప్రసంగాన్ని అసెంబ్లీలో చదివే పెద్దమనిషి కాదు. ఓట్లు అడుక్కుని గెలిచే మనిషి, మన ముఖ్యమంత్రి లాంటివాడు. పైగా వర్జీనియాలో వరుసగా రెండోసారి పోటీ చేయకూడదని నియమం. అందువల్ల ప్రతిసారీ కొత్త పేర్లు, పాత పట్టిక.

ఈ జాతిలో ఉత్తమోత్తమం 2021 నాటిది. ఒక పక్క డెమోక్రాట్ టెర్రీ మెకాలిఫ్. 2014 నుంచి 2018 వరకు గవర్నరుగిరీ వెలగబెట్టి, మధ్యలో ఒక విడత ఊరుకుని, మళ్లీ వచ్చిన పాత కాపు. మరో పక్క రిపబ్లికన్ గ్లెన్ యంగ్‌కిన్. కార్లైల్ గ్రూప్ అనే పెట్టుబడుల సంస్థను నడిపి, కోట్లు గడించి, చేతుల్లేని ఎర్ర కోటు తొడుక్కుని పక్కింటి మనిషిలా నవ్వుతూ వచ్చినవాడు.

మొదటి వరుస: ఉపాధ్యాయుల జీతాలు పెంచుతారా? ఇద్దరికీ టిక్కు. పెంచను, తగ్గిస్తాను అని చెప్పి ఓటు అడిగిన అభ్యర్థిని భూప్రపంచంలో ఎవరైనా చూశారా? చదువుకు ఏటా 200 కోట్ల డాలర్లు పెడతానని మెకాలిఫ్, రాష్ట్ర చరిత్రలోనే అతి పెద్ద విద్యా బడ్జెట్ తెస్తానని యంగ్‌కిన్. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ ఊరి బడికి ఎంత పోతుంది అనే గడికి ఫోను తెర వెడల్పు చాలలేదు.

రెండో వరుస దగ్గర మావాళ్లు తడబడ్డారు. 'సీఆర్‌టీని నిషేధిస్తారా?' యంగ్‌కిన్‌కు టిక్కు. ఇది క్రిటికల్ రేస్ థియరీ, అమెరికా చట్టాల్లో జాతి వివక్ష ఎలా ఇమిడి ఉందో పరిశీలించే న్యాయశాస్త్ర పాఠం. వర్జీనియా రాష్ట్ర పాఠ్యప్రణాళికలో ఆ పేరే లేదు. కాని మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవారికి సీఆర్‌టీ అంటే ఒకటే అర్థం, క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్. 'అదేమిటండీ, అది తీసేస్తే పిల్లలకు ప్లేస్‌మెంట్లు ఎలా?' అని గ్రూపులో ఒకాయన నిజమైన ఆవేదనతో రాశారు. దానికి పదకొండు బొటనవేళ్లు వచ్చాయి.

ఇక మూడో వరుస. చెప్పడం మొదలుపెడితే ఆపలేను కాబట్టి కూర్చుని చదవండి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) థామస్ జెఫర్సన్ పేరున సైన్సు హైస్కూలు ఒకటుంది. అందరూ 'టీజే' అంటారు. మావాళ్ల ఇళ్లలో టీజే స్థానం మన దగ్గర ఐఐటీ స్థానమే. ఆరో తరగతి నుంచి కోచింగు, ఏడులో మరో కోచింగు, ఆ కోచింగులో చేరడానికి ఇంకో కోచింగు. 2020 అక్టోబరులో అక్కడి స్కూలు బోర్డు ప్రవేశ పరీక్షను, దానితోపాటు 100 డాలర్ల దరఖాస్తు రుసుమునూ ఎత్తేసి, డిసెంబరులో ప్రతి మిడిల్ స్కూలుకూ కొన్ని సీట్లు కేటాయించింది. కొత్త పద్ధతిలో చేరిన మొదటి జట్టులో ఆసియా మూలాల పిల్లల వాటా 73 శాతం నుంచి 54 శాతానికి దిగింది. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. తప్పో ఒప్పో తర్వాత మాట. ఇది ఫెయిర్‌ఫాక్స్ స్కూలు బోర్డు నిర్ణయం. రాష్ట్ర రాజ్యాంగమే బడుల పర్యవేక్షణను స్థానిక స్కూలు బోర్డుల చేతిలో పెట్టింది. మరి గవర్నరు పట్టికలోకి ఇది ఎందుకు ఎక్కింది? ఎందుకంటే ఈ తరహా ప్రత్యేక పాఠశాలలను ఇక్కడ 'గవర్నర్స్ స్కూల్' అంటారు. పేరులో గవర్నరు ఉన్నాడు కదా, సీట్లు కూడా ఆయనే ఇస్తాడని మావాళ్ల తీర్మానం. ఈ లెక్కన మైసూర్‌పాక్ బాగాలేకపోతే మైసూరు కలెక్టరుకు అర్జీ పెట్టాలి.

ఆ అక్టోబరులో ఒక శనివారం, డేటా సెంటర్లు పుట్టగొడుగుల్లా మొలిచిన ఆష్‌బర్న్‌లో, ఒక ఇంటి బేస్‌మెంటులో సత్యనారాయణ వ్రతం. ఐదో కథ అయింది, ప్రసాదం అయింది, మగవాళ్లం పది మందిమి పులిహోర పళ్లేలతో సోఫాల్లో చేరాం. ఇంటాయన పట్టికను రంగుల్లో ముద్రించి తెచ్చారు. చేతిలో ఎర్ర పెన్ను, ఆఫీసులో కోడును తనిఖీ చేసే మనిషి ముఖం. 'వెయిటేజీ ఇవ్వకుండా పోల్చడం అశాస్త్రీయం' అన్నారు. టీజేకు 40 మార్కులు, గణితంలో పై తరగతులకు 30, సీఆర్‌టీకి 20, మిగతా అన్నింటికీ కలిపి 10. మిగతా అన్నీ అంటే జీతాలు, భవనాలు, బస్సులు, భోజనం, వికలాంగ పిల్లలు.

గణితం మీద గంటన్నర నడిచింది. రాష్ట్రం పై తరగతుల లెక్కలు ఎత్తేస్తోందని ఆ వసంతంలో ఒక పుకారు లేచి, అధికారులు కాదు మొర్రో అన్నా చల్లారలేదు. 'అసలు కాలిక్యులస్ లేకపోతే అమెరికా ఎందుకు, వెనక్కి పోయి విజయవాడలో చదివించుకోవచ్చు' అని ఒకాయన పళ్లెం కింద పెట్టేశారు. విజయవాడ హాస్టలు రోజులు తలచుకుని మరొకాయన కళ్లు తుడుచుకున్నారు. దుఃఖమో గర్వమో తెలియలేదు. చివరకు కూడికలు వేస్తే యంగ్‌కిన్‌కు 71, మెకాలిఫ్‌కు 38. మొత్తం వందకు ఇద్దరికీ కలిపి 109 ఎలా వచ్చాయని నేను అడిగాను. గ్రేస్ మార్కులట.

అప్పుడొక ధర్మసందేహం లేచింది. ఇందులో ఓటు ఎవరికుంది? లెక్క తీస్తే, ఇద్దరు హెచ్1బీ మీద ఉన్నారు. ఐదుగురు గ్రీన్‌కార్డు వరుసలో పదేళ్లకు పైగా నిలబడ్డవారు. పౌరులం ముగ్గురం. ఆ ముగ్గురిలో ఇంటాయన ఓటరుగా నమోదు కావడం మరిచిపోయారు, ఇంకొకాయనకు ఎన్నిక నవంబరు 2న అని ఆ క్షణమే తెలిసింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు, నాకు పెన్ను లేదు కదా.

ఇంత జరుగుతున్నంత సేపూ మా మధ్య పెరుగన్నం గిన్నె పట్టుకుని తిరిగిన ఒకావిడ ఉన్నారు. ఆ ఇంట్లో ఉన్న ముప్పై మందిలో ప్రభుత్వ బడి లోపల రోజూ అడుగుపెట్టే మనిషి ఆవిడ ఒక్కరే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతిలో సహాయకురాలు. పట్టుచీర మీదకు మోచేతులు దాటే జాకెట్టు, వడ్డించేటప్పుడు చెయ్యి పైకి జరిగితే మణికట్టు పైన గోళ్ల గీతలు కనిపించాయి. మాటలు రాని ఏడేళ్ల పిల్లవాడట. వాడికి భయం వేసినప్పుడు బూటు తాళ్లు గట్టిగా బిగిస్తే కుదుటపడతాడని కనిపెట్టడానికి ఆవిడకు నెల పట్టింది. తోడుగా ఉండాల్సిన రెండో సహాయకురాలు మానేసి ఆరు వారాలు, కొత్తవారు రాలేదు. ఇదంతా ఆవిడ నా భార్యకు వంటింట్లో చెప్పిన మాట. మగవాళ్లలో ఎవరూ ఆవిడను ఏమీ అడగలేదు. 'వదినగారూ, కాస్త ఊరగాయ' అని మాత్రం అడిగారు.

అభ్యర్థులూ ఇలాగే. సెప్టెంబరు 28న జరిగిన చర్చలో మెకాలిఫ్, 'బడులు ఏం బోధించాలో తల్లిదండ్రులు చెప్పాలని నేను అనుకోను' అన్నాడు. నోరు జారడం అంటారే, అది మెట్ల మీద జారడం కాదు, కొండ మీద నుంచి జారడం. యంగ్‌కిన్‌కు ఇంకేం కావాలి? మిగతా ఐదు వారాలూ ఆ ఒక్క వాక్యాన్నే పిండి వడియాలు పెట్టుకున్నాడు. రెండు శాతం లోపు తేడాతో గెలిచాడు. 2022 జనవరి 15న ప్రమాణం చేసిన రోజే, మొట్టమొదటి ఉత్తర్వుతో, సీఆర్‌టీతో సహా 'విభజించే భావనల' బోధనను నిషేధించాడు. వెంటనే తల్లిదండ్రులు టీచర్ల మీద ఫిర్యాదు చేసుకునేందుకు ఒక ఈమెయిల్ చిరునామా తెరిచాడు. మన ఆర్డీవో ఆఫీసు గోడకు వేలాడే ఫిర్యాదుల పెట్టె గుర్తుందా, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు? దాన్ని కంప్యూటరులో పెట్టారన్నమాట. సెప్టెంబరులో చడీచప్పుడు లేకుండా మూసేశారు. పత్రికలు కోర్టుకు వెళ్లాక కొన్ని వందల ఉత్తరాలు బయటపడ్డాయి. టీచర్లను మెచ్చుకుంటూ రాసినవి ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చట్టప్రకారం అందాల్సిన సహాయం అందడం లేదని మొరపెట్టుకున్నవి ఉన్నాయి. విప్లవకారులను పట్టుకుందామని వల వేస్తే బూటు తాళ్లు కట్టే మనిషి లేదన్న ఏడుపు పడింది. అది 'విభజించే భావన' కిందికి రాదు కాబట్టి దానికి ఉత్తర్వు లేదు.

ఆ ఉత్తర్వు ఏ రాష్ట్రంలో వచ్చిందో తెలుసా? ఫార్మ్‌విల్ అనే ఊరు మా ఇంటికి కారులో మూడు గంటలు. 1951లో అక్కడి నల్లజాతి పిల్లల హైస్కూలు చాలక, తారు కాగితం చుట్టిన పాకల్లో పాఠాలు చెప్పేవారు. 16 ఏళ్ల బార్బరా జాన్స్ అనే అమ్మాయి బడి మొత్తాన్ని సమ్మెకు దింపింది. ఆ దావా 1954లో బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పులో భాగమైంది. తీర్పును పాటించాల్సి వచ్చేసరికి ఆ ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఏం చేసింది? 1959లో ప్రభుత్వ బడులన్నింటికీ తాళాలు వేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ వెలిసింది, ఫీజుల సాయం రూపంలో ప్రజల పన్ను డబ్బు దానికి మళ్లింది. నల్లపిల్లలకు ఐదేళ్లు ప్రభుత్వ బడి లేదు. ఐదేళ్లు! ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల ఏళ్ల తరబడి ఆగి మొదటిసారి పలక పట్టడం. ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలు నొచ్చుకుంటారేమోనని పెద్దల బాధ. విభజించింది ఎవరు, తాళం వేసినవాడా, తాళం వేశారని చెప్పే టీచరా? రెండు గ్లాసుల పద్ధతి నడిచిన హోటళ్లలో టీ తాగి వచ్చినవాళ్లం, ఈ వరుసకు మనం 20 మార్కులు వేసి టిక్కు పెడతామా? ఆ రోజు నేను ఈ మాట అనలేదు. పులిహోర తింటూ కూర్చున్నాను. అందుకే ఇప్పుడు ఇంత ఒళ్లు మండుతోంది.

ప్రభుత్వ డబ్బుతో స్వతంత్రంగా నడిచే చార్టర్ స్కూళ్ల వరుసను వదిలేస్తాను, వాటికి అనుమతి ఇచ్చేదీ స్థానిక బోర్డే.

గవర్నరు చేతిలో నిజంగా ఉన్నది బడ్జెట్టు. బడికి ఎంత డబ్బో లెక్కగట్టే సూత్రం ఒకటి రాష్ట్ర రాజధాని రిచ్మండ్‌లో ఉంది. ఆస్తుల విలువ, ఆదాయం చూసి ఏ కౌంటీ తన బడికి ఎంత భరించాలో తేలుస్తారు. 2009లో మాంద్యం పేరుతో గుమాస్తాలు, ఊడ్చేవారు, మరమ్మతువారు వంటి సహాయక సిబ్బందికి రాష్ట్రమిచ్చే డబ్బుకు ఒక పరిమితి పెట్టారు. మాంద్యం పోయింది. పరిమితి మాత్రం పదేళ్లు దాటినా కూర్చునే ఉండిపోయింది, మెకాలిఫ్ పాలించిన నాలుగేళ్లతో సహా. లౌడన్ లాంటి సంపన్న కౌంటీ ఆ లోటును సొంత డబ్బుతో పూడ్చుకుంది. నైరుతి మూలన బొగ్గు గనులు మూతపడ్డ కొండ ఊళ్లు దేనితో పూడ్చాలి? 2023లో శాసనసభ తనిఖీ సంఘమే లెక్క తేల్చింది: దేశ సగటు కన్నా వర్జీనియా బడులకు ఒక్కో విద్యార్థి మీద సుమారు 1,900 డాలర్లు తక్కువ అందుతోంది. దీనికి మా పట్టికలో వరుస లేదు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ సరిపోవు కదా, ఇద్దరి ముఖానా ఒకే రంగు పులమాలి.

వ్రతం ముగిసి చెప్పులు వేసుకుంటుండగా ఆవిడ ఇంటాయనను మెల్లగా అడిగారు. 'అన్నయ్యగారూ, మా సహాయకుల జీతాల గురించి అందులో ఏమైనా ఉందా?' ఆయన కాగితం తిరగేసి చూశారు. వెనక వైపు తెల్లగా ఉంది. 'వచ్చే ఎన్నికలకు ఒక వరుస చేరుద్దాంలేమ్మా' అన్నారు.

వచ్చే ఎన్నికలు 2025లో వచ్చాయి. పట్టికా వచ్చింది. నేను నిజంగానే వెతికాను. కొత్త వరుస ఉంది, దానికి అందరికన్నా ఎక్కువ వెయిటేజీ కూడా ఉంది: 'హైదరాబాద్‌లో పుట్టారా?' గవర్నరు తర్వాతి పదవైన లెఫ్టినెంట్ గవర్నరుకు పోటీ చేసిన గజాలా హష్మీకి అందులో పెద్ద టిక్కు. ఆవిడ దశాబ్దాలు కాలేజీల్లో పనిచేసిన సంగతి, రాష్ట్ర సెనేట్‌లో విద్యా సంఘానికి అధ్యక్షత వహించిన సంగతి ఎక్కడా లేవు. ఏ పేటలో పుట్టారన్న దాని మీద మాత్రం గ్రూపులో నాలుగు రోజులు చర్చ నడిచింది. ఇంటాయన ఎర్ర పెన్నుతో మలక్‌పేట దగ్గర సున్నా చుట్టి ఫొటో పెట్టారు.