పురానాపూల్ కట్టేనాటికి ఆ ప్రేమికుడి వయసెంత?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా తిరిగొచ్చే కథ ఇది. గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ, మూసీ అవతల ఉండే భాగమతిని ప్రేమించాడు. ఆమె కోసం వరదలో గుర్రాన్ని దూకించాడు. భయపడిపోయిన తండ్రి పురానాపూల్ కట్టించాడు. కొడుకు రాజయ్యాక గోల్కొండను వదిలేసి, బీడు నేల మీద ఆమె కోసం హైదరాబాద్ కట్టాడు. కథ బాగుంది, లెక్కే కుదరదు.

ముందు వంతెన సంగతి. మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా దాన్ని కట్టించింది 1578లో. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే అప్పటికి పిల్లాడికి పన్నెండో పదమూడో! దాని అసలు పేరు ‘ప్యారానా పూల్’, ప్రేమ వంతెన అని కొందరు కొసరు కూడా వేస్తారు. తర్వాతెప్పుడో అఫ్జల్‌గంజ్ దగ్గర నయాపూల్ వచ్చింది కాబట్టి ఇది పాతదైంది, అంతే.

మరి వంతెన దేనికంటే, బండ్లకి. గోల్కొండలో సరుకెత్తిన బండి కార్వాన్ మీదుగా వచ్చి, మూసీ దాటి, మచిలీపట్నం దారి పట్టాలి. వజ్రాలైనా, అద్దకం బట్టలైనా ఓడెక్కేది ఆ రేవులోనే. ఏరు పొంగితే వ్యాపారం ఆగిపోయేది. ఇక కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీళ్లకు కటకట. హుస్సేన్‌సాగర్ తవ్వించింది కూడా ఇబ్రహీం హయాంలోనే, 1562లో. చెరువూ వంతెనా తండ్రి కట్టించి పెడితే, పేరంతా ప్రేమ కొట్టేసింది.

1591లో, హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైన రోజుల్లో, ఆ మచిలీపట్నం దారి మీదే చార్మినార్ లేచింది. అక్కణ్నుంచి నాలుగు దిక్కులకూ నాలుగు వీధులు. ఈ ప్లాను వెనకున్న మనిషి ఇరాన్ నుంచి వచ్చిన పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్. ఫార్వర్డులో ఆయన ఊసే ఉండదు, పాపం.

ఊరికి భాగమతి మీదుగా భాగ్‌నగర్ అనే పేరొచ్చిందంటారే, ఆ విషయంలో మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. భాగమతి కథ నిన్నా మొన్నా పుట్టింది కాదు. అక్బర్ దూత ఫైజీ, బీజాపూర్‌లో ఉండి చరిత్ర రాసిన ఫెరిస్తా, ఇద్దరూ ఆ కాలంలోనే రాశారు. ఇద్దరూ పరాయి కొలువుల వాళ్లేననుకోండి. హరూన్ ఖాన్ షేర్వానీ లాంటి చరిత్రకారులు ఈ కథను ఒప్పుకోలేదు. సరే, ఆమె ఉందనే అనుకుందాం. ఊరికి పేరు రావడం వేరు, ఊరు పెరగడం వేరు.

చివరిది, గోల్కొండను వదిలేయడం. కొత్త నగరానికి కుతుబ్‌షాహీల కాలంలో ప్రహరీయే లేదు. అది 18వ శతాబ్దంలో వచ్చింది. ఆపదొస్తే దిక్కు పాత కోటే. 1685లో మొఘలులు మీదికొస్తే తానీషా హైదరాబాద్ వదిలి పరుగెత్తింది గోల్కొండకే. 1612లో పోయిన మహమ్మద్ కులీ సమాధి కూడా ఆ కోట పక్కనే ఉంది.