సవరణ: వంగిన కళ్లజోడును వేడినీళ్లలో ముంచకండి

నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ గురించి సోమవారం పెట్టిన పోస్టులో, వంగిన కళ్లజోడు ఫ్రేము వేడినీళ్లలో ముంచితే సరవుతుందని ఉంది. కర్నూలులో కళ్లజోళ్ల దుకాణం నడిపే పాఠకుడు ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆయన మాటే సరి. ఆ వాక్యాన్ని తీసేశాను.

ఈ లోహానికి రెండు గుణాలున్నాయి. చల్లగా ఉన్నప్పుడు వంచితే అలాగే ఉండి, వేడి తగలగానే పాత ఆకారానికి రావడం ఆకార స్మృతి. వేడితో పనిలేకుండా, వదలగానే వెనక్కి రావడం అతిస్థితిస్థాపకత. నిటినాల్ ఫ్రేముల్లో సాధారణంగా వాడుకునేది రెండోదే, కాబట్టి వంగిన ఫ్రేమును సరిచేయడానికి వేడినీళ్లు పనికిరావు. లోపలి స్ఫటిక నిర్మాణం (పరమాణువుల అమరిక) ఏ ఉష్ణోగ్రత వద్ద మారుతుందన్న దాన్ని బట్టి గదిలో ఏ గుణం కనిపిస్తుందో తేలుతుంది. నికెల్ వాటా 0.1 శాతం మారినా ఆ ఉష్ణోగ్రత గణనీయంగా మారుతుంది. తయారీలో అసలు కష్టం ఇదే. అన్నట్టు, నిటినాల్‌లో రెండు లోహాలు సగం సగం ఉంటాయంటే అది పరమాణువుల లెక్క. బరువులో నికెల్ సుమారు 55 శాతం.

అనంతపురం మే ఎండలో ఫ్రేము చెడుతుందా అని మరొకరు అడిగారు. చెడదు. వేడికి ఈ లోహం ఇంకాస్త బిగుస్తుంది, గట్టి చలికే మెత్తబడుతుంది. అయితే కారులో వదిలేస్తే అద్దాల పైపూత దెబ్బతినవచ్చు. మంట మీద మాత్రం అసలు పెట్టకండి: తయారీలో ఈ లోహానికి గుర్తుండాల్సిన ఆకారాన్ని ఇచ్చేది 500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలోనే కాబట్టి, ఆ వేడికి అది పాత రూపాన్ని పోగొట్టుకుంటుంది. పళ్లను సరిచేసే తీగల్లోనూ నిటినాల్ వాడతారు కాబట్టి, నికెల్ పడనివారు పళ్లకు తీగ వేయించుకునే ముందు దంతవైద్యునికి ఆ విషయం చెప్పాలి.