ఫిట్స్ బిళ్లలు, పడకగది: ఓపీ చీటీకి ఎక్కని ఫిర్యాదు

మూర్ఛ రోగి ఓపీ చీటీ తిరగేసి చూడండి. ఎప్టోయిన్ 100, రాత్రికి మూడు. కింద తేదీ మారుతుంది, మందు మారదు. ఫిట్స్ మళ్లీ వచ్చాయా, బిళ్లలు మానకుండా వేసుకుంటున్నావా? ఈ రెండు ప్రశ్నలతో పని అయిపోతుంది. పెళ్లయిన ముప్పై ఏళ్ల మనిషిని మూడో ప్రశ్న ఎవరూ అడగరు. అతనూ చెప్పడు, పక్కన తల్లో బావమరిదో కూర్చుని ఉంటారు మరి. కోరిక తగ్గిందనో, అంగస్తంభన నిలవడం లేదనో ఆ గదిలో చెప్పుకోలేనివాడు ఇంటికెళ్లి తనకు తోచిన పరిష్కారం చూసుకుంటాడు. బిళ్ల మానేస్తాడు. ఆ తర్వాత ఫిట్ వస్తే చీటీ మీద పడేది ‘మందులు సరిగా వాడటం లేదు’ అన్న మాట. ఎందుకు వాడటం లేదో మాత్రం చీటీకి ఎక్కదు.

అసలు ఆ బిళ్ల ఒంట్లో చేసే పనేమిటి? ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజెపైన్. మన దగ్గర వరసగా ఎప్టోయిన్, గార్డినాల్, టెగ్రిటాల్ అంటే అందరికీ తెలుస్తుంది. ఈ పాత మందులు కాలేయంలోని ఎంజైములను ఉరకలెత్తిస్తాయి. దాంతో కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ప్రొటీన్ రక్తంలోని మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను పట్టుకుని వదలదు. హార్మోన్ ఉంటుంది గానీ ఒంటికి అక్కరకు రాదు. ల్యాబు రిపోర్టు మోసం చేసేదీ ఇక్కడే. మొత్తం టెస్టోస్టిరాన్ ఒక్కటే చేయిస్తే అంకె నార్మల్ అని వస్తుంది. ‘నీకేం లేదు, అంతా మనసులోనే ఉంది’ అని పంపేస్తారు. చేయించాల్సింది మొత్తం టెస్టోస్టిరాన్, ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ కలిపి. ఆ మూడింటి నుంచి విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ ఎంతో లెక్కకడతారు. నమూనా ఉదయం 7 నుంచి 10 లోపు, పరగడుపున ఇవ్వాలి. తక్కువని తేలితే మరో రోజు మళ్లీ చూడాలి. ఇచ్ఛాపురంలో పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళంలో మధ్యాహ్నం రక్తమిస్తే ఆ అంకెను నమ్మడానికి లేదు. ఊళ్లోనే పొద్దున రక్తం తీయించుకుని రిపోర్టు పట్టుకెళ్లడం మేలు. ప్రొలాక్టిన్ అనే మరో హార్మోన్ పరీక్ష కూడా రాస్తారు. ఫిట్ వచ్చిన రోజు దాన్ని చేయించకూడదు. ఫిట్ తర్వాత 10, 20 నిమిషాల్లోనే అది పెరుగుతుంది, దిగడానికి గంటలు పడుతుంది.

అయితే నెపమంతా బిళ్ల మీదకు నెట్టేయడమూ సరికాదు. మెదడులో కణత భాగం నుంచి పుట్టే మూర్ఛ తనంతట తానే కోరికను తగ్గించగలదు. దిగులు, సుగరు, బీపీ మందులు, సారా కూడా తగ్గిస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తోడైతే అదొక్కటే చాలు. పడక మీద ఫిట్ వస్తుందేమోనన్న భయం కూడా చిన్నదేం కాదు. అందుకే అన్నింటికన్నా ముందు తేల్చాల్సింది తేదీలు: బిళ్ల ఏ నెలలో మొదలైంది, ఇబ్బంది ఏ నెలలో మొదలైంది?

కొత్త మందులన్నీ మంచివేనని కూడా అనుకోవద్దు. టోపిరమేట్, గబాపెంటిన్‌లతో కొందరికి భావప్రాప్తి కరువవుతుంది. లెవెటిరాసిటమ్ హార్మోన్ల జోలికి పెద్దగా పోదు, కానీ కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. రోజూ కయ్యమాడే ఇంట్లో కోరిక ఎక్కడినుంచి వస్తుంది? పైగా అది కిడ్నీల ద్వారా బయటకు పోయే మందు. కవిటి, సోంపేట వైపు రోగులకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా మోతాదు రాయకూడదు. పడకగది విషయంలో లామోట్రిజిన్‌కు మంచి పేరుంది. దాని చిక్కు వేరు, నెమ్మదిగా పెంచాలి. ఒంటరిగా వాడితే మొదటి రెండు వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందు తోడుంటే రోజు విడిచి రోజు 25, ఫెనిటాయిన్ లాంటివి తోడుంటే రోజుకు 50. తొందరపడితే ఒంటి నిండా దద్దుర్లు లేచి ప్రాణం మీదకు రావచ్చు. దద్దురు కనిపించిన రోజే డాక్టరుకు చూపించాలి. మార్చేటప్పుడు కొత్తది పనిలోకి వచ్చాకే పాతది కొద్దికొద్దిగా తగ్గిస్తారు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ కాలంలో ఒంటరిగా చెరువు స్నానం, బండి నడపడం, కొబ్బరిచెట్టెక్కడం వద్దు. చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లే వాళ్లు బోటెక్కబోయే ముందు మందు మార్పు మొదలుపెట్టకూడదు, ఇంటిపట్టున ఉండే నెలల్లో పెట్టుకోవాలి. ఉన్నపళంగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఐదు నిమిషాలు దాటిన ఫిట్‌కు 108 పిలవాల్సిందే.

ఆడవాళ్ల సంగతి ఇంకా వెనకబడి ఉంది. కోరిక తగ్గడం, పొడిబారి నొప్పి రావడం వాళ్లకూ ఉంటుంది. అడిగే దిక్కే లేదు. దానికన్నా ప్రమాదకరమైన విషయం మరొకటుంది. ఎంజైములను రెచ్చగొట్టే ఆ పాత మందులతో మాలా-ఎన్ గర్భనిరోధక బిళ్ల బలం తగ్గిపోతుంది. అత్యవసర గర్భనిరోధక బిళ్లదీ అదే గతి. మాలా-ఎన్‌లోని ఈస్ట్రోజన్ మరోవైపు లామోట్రిజిన్ స్థాయిని దాదాపు సగానికి దించగలదు, అప్పుడు ఫిట్స్ తిరగబెడతాయి. కాపర్-టీ, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ పనిచేస్తాయి. ఆశా కార్యకర్త ప్యాకెట్ చేతికిచ్చే ముందు ‘ఫిట్స్ మందులేమైనా వాడుతున్నావా అమ్మా?’ అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. వాల్‌ప్రోయేట్ సంగతి మరీ తీవ్రం. బరువు పెరగవచ్చు, నెలసరి తప్పవచ్చు, పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) రావచ్చు. గర్భంలో వాడితే పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి అవయవ లోపం, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల, చదువుల్లో ఇబ్బందులు. వేరే మందు పనిచేసే అవకాశముండగా పిల్లల్ని కనే వయసు ఆడపిల్లకు దాన్ని రాయడం, మా దృష్టిలో, సమర్థించుకోలేని పని. బిడ్డ కావాలనుకునేవాళ్లు గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వాడాలి. సాధారణంగా 5 మిల్లీగ్రాములు రాస్తారు.

పెళ్లి నాడు జబ్బు దాస్తారు కాబట్టి బిళ్ల కూడా దాచే వేసుకోవాలి, దాని దుష్ప్రభావమూ దాచాలి. మూర్ఛ ఉన్నవారి పెళ్లి చెల్లదనే మాట హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. ఊళ్లలో ఆ సంగతి ఇంకా పాకలేదు.

ఈ దాపరికమే బస్టాండు గోడల మీద పోస్టర్లను బతికిస్తోంది: ‘ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో, రహస్య వ్యాధులకు’. అక్కడిచ్చే పొడిలో ఏముందో చీటీ ఉండదు. అంతకన్నా భయపడాల్సింది ట్రమడాల్ గురించి. శీఘ్రస్ఖలనానికి పనిచేస్తుందని చేతులు మారే ఈ నొప్పి మందు ఫిట్స్‌ను తెప్పించగలదు, మూర్ఛ ఉన్నవాడు ముట్టకూడదు. అంగస్తంభనకు ఇచ్చే సిల్డెనాఫిల్ డాక్టరు చెబితే వాడవచ్చు. కార్బమజెపైన్ లాంటివి దాని బలాన్ని తగ్గిస్తాయి. గుండెకు సార్బిట్రేట్ వాడేవారికి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

నోటితో చెప్పలేనివాళ్లు చీటీ రాసి ఇవ్వొచ్చు. ఐదు వరుసలు చాలు: మందు పేరు, మోతాదు, మొదలైన నెల, ఇబ్బంది మొదలైన నెల, తెల్లవారుజామున అంగస్తంభన ఉంటోందా లేదా. ఉంటోందంటే నరాలు, రక్తనాళాలు చాలావరకు బాగున్నట్టే, బెంగో భయమో వెతకాలి. అదీ లేదంటే ఆ ఉదయపు రక్తపరీక్ష రాయమని డాక్టరునే అడగొచ్చు.